అంచు కంటికి, గోటు చేతికి

నమస్కారం అండీ. వెనకవాళ్ళకి వినపడుతోందా? వినపడనివాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బొంతలు తెచ్చాను కాబట్టి దగ్గరగా ఉంటేనే మంచిది.

నేను ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పాను. బొంతలు కుట్టడం రిటైరయ్యాక మొదలుపెట్టాను. అందుకని మధ్యలో ఒకటి రెండు లెక్కలొస్తాయి, ఓర్చుకోవాలి. (నవ్వులు)

నన్ను మాట్లాడమన్న విషయం చాలా చిన్నది. బొంత పైభాగం అతకడం అయిపోయాక చుట్టూ ఏ రంగు వెయ్యాలి, అంతే. ముక్కలు అతకడానికి మూడు నెలలు కూర్చున్నవాళ్ళు కూడా ఈ గుడ్డ మాత్రం పావుగంటలో కొనేసి వస్తారు. షాపులో కుర్రాడు "ఇది అన్నిటికీ మ్యాచ్ అవుద్ది మేడమ్" అని క్రీమ్ కలర్ తాను ఒకటి విప్పుతాడు. మనం తలూపుతాం. ఇంటికొచ్చి కుట్టి చూస్తే పులుసులో ఎవరో నీళ్ళు పోసినట్టు మొత్తం చప్పబడిపోయి ఉంటుంది. అన్నిటికీ మ్యాచ్ అయ్యే రంగు దేన్నీ పైకి తీసుకురాదు. ఈ మాట పట్టుకునే ఇవాళ మాట్లాడతాను.

ముందు పేర్లు సరిచేసుకుందాం. బొంత చుట్టూ వచ్చేవి రెండు. ఒకటి, అతుకుల పని చుట్టూ వేసే వెడల్పాటి పట్టీ. చీరకి అన్నట్టే దాన్ని అంచు అంటాను. రెండోది, పైగుడ్డ, మధ్య పొర, అడుగు గుడ్డ, ఈ మూడూ కలిసే చివర దారాలు ఊడిపోకుండా మూసేసే సన్నపట్టీ. క్లాసుల్లో నేర్చుకున్నవాళ్ళు బైండింగ్ అంటారు. మా టైలరు పైపింగ్ అంటాడు. మా అమ్మ గోటు అనేది. నాకు అమ్మ మాటే అలవాటు. ఈ రెండిటికీ రంగు ఎంచుకునే పద్ధతి ఒకటే అనుకోవడం దగ్గరే మనకి తేడా కొడుతుంది. అంచుని కంటితో ఎంచుకోవాలి, గోటుని చేత్తో ఎంచుకోవాలి. ఎందుకో చెప్తాను.

మా అమ్మ రోజుల్లో అయితే అంచు ఎంచుకోవడమన్న ప్రశ్నే లేదు. అది చీరతోనే వచ్చేది. నేత చీర కట్టినవాళ్ళకి తెలుసు, ఒంటి గుడ్డ పలచబడి చేతికి దూదిలా తగిలే వయసులో కూడా అంచు గట్టిగా ఉంటుంది. అక్కడ నేత దట్టం. చీర పాతబడగానే అమ్మ అంచుని కత్తిరించి, చుట్టగా చుట్టి, బిస్కెట్ డబ్బాలో పడేసేది. నాలుగు చీరలు పొరలుగా పరిచి కుట్టాక ఆ డబ్బా తీసి, పొడవు సరిపోయిన అంచు చుట్టూ తిప్పేది. రెండు వైపులు ఎరుపు, మూడోవైపు ఆకుపచ్చ అయినా పట్టించుకునేది కాదు. బెంగాల్లో కాంథా కుట్టే ఆడవాళ్ళయితే పాత చీర అంచుల్లోంచి రంగు దారాలు లాగి, ఆ దారాలతోనే బొంత మీద పువ్వులూ చేపలూ కుట్టేవారు. కొత్త దారం కొనే పనే లేదు.

కర్ణాటకలో ఉత్తర కన్నడ వైపు సిద్దీలు ఉన్నారు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ వారసులు. వాళ్ళ బొంతని కవంది అంటారు. మనం నడుమ నుంచి మొదలుపెట్టి చివరికి వస్తాం కదా, వాళ్ళు చివర నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడుముకి చేరతారు. అన్నీ అయ్యాక నాలుగు మూలలా మడిచిన గుడ్డముక్కలు పువ్వుల్లా పెడతారు. వాటిని ఫులా అంటారు. అవి లేని బొంత వాళ్ళ లెక్కలో బట్టలు తొడగని మనిషితో సమానం. అంటే వాళ్ళకి అంచు మొదటి పని. మనకేమో ఆఖరి పని, అప్పటికి ఓపిక అయిపోయి ఉంటుంది. మన చిక్కు అక్కడుంది.

ఇప్పుడు ఈ బొంత చూడండి. అమ్మా, ఆ చివర మీరు పట్టుకోండి. కాస్త ఎత్తుగా. ఆ, అలా.

ఇది మా మనవరాలికి కుట్టింది. అరవై అంగుళాల వెడల్పు, తొంభై పొడవు. లోపల ఉన్నవి మా నాన్న పంచెలు, అమ్మ నేత చీరలు, నేను స్కూలుకి కట్టిన కాటన్ చీరలు. దూరం నుంచి చూస్తే ఏం కనిపిస్తోంది? తెలుపు, గంధం రంగు, లేత నీలం గళ్ళు, అక్కడక్కడా పసుపు. అన్నీ ఉతికి ఉతికి వెలిసిన రంగులు. అంచు దగ్గరికొచ్చేసరికి నేనూ అందరిలాగే ఆలోచించాను. లోపల నీలం ఎక్కువుంది, నీలం అంచు వేస్తే సరిపోతుందిలే అని గుడ్డ కూడా కొనేశాను. కానీ ఎందుకో కత్తెర పెట్టడానికి చెయ్యి రాలేదు.

ఒకరోజు పొద్దున పదింటికి వరండాలో నులకమంచం మీద దీన్ని పరిచి, నాలుగు వైపులా నాలుగు రంగుల గుడ్డలు కిందకి దోపాను. ఇటు ఆ కొన్న నీలం. అటు రామా గ్రీన్. తలవైపు మెరూన్. కాళ్ళవైపు వంగపండు రంగు, అది బీరువాలో ఉన్న పాత పరికిణీ గుడ్డ, నాలుగోది ఏదో ఒకటి ఉండాలి కదా అని పెట్టాను. కాఫీ తాగుతూ చూస్తున్నాను. నీలం వైపు బొంత ఎక్కడ ఆగిందో అంచు ఎక్కడ మొదలైందో తెలియట్లేదు. రామా గ్రీన్ వైపు అంచే తప్ప బొంత కనపడట్లేదు. మెరూన్ బానే ఉంది, ఏ పెళ్ళికి వెళ్ళినా బానే ఉండే చీరలాగా.

అంతలో పక్కింటి వదిన వచ్చింది. ఆవిడకి కుట్టు రాదు, నిజానికి బొంతలంటే ఇష్టమూ లేదు, దుమ్ము అంటుంది. కాళ్ళవైపు నిలబడి, "ఈ ముక్క భలే ఉందే, ఎక్కడిది?" అంది. చూపించింది నాలుగు వేళ్ళ వెడల్పున్న ముక్క. మా అమ్మ వంగపండు రంగు రవికె చెయ్యి. మొత్తం బొంతలో ఆ రంగు ముక్కలు నాలుగే నాలుగు, ఒక్కో వైపు ఒక్కోటి వచ్చేట్టు వేశాను. మిగతా మూడు వైపులా ఉన్నవి వదినకి కనపడలేదు. వంగపండు గుడ్డ దోపిన వైపు మాత్రం ఆ చిన్నముక్క లేచి కూర్చుంది.

నేను లేచి పరికిణీ గుడ్డని ఇటు నీలం వైపుకి మార్చాను. వెంటనే ఇటువైపు ముక్క కనపడింది. తలవైపు పెడితే తలవైపుది. అంటే చుట్టూ ఉన్న రంగు లోపలున్న తన చుట్టాన్ని పిలుస్తోందన్నమాట. ఇక లోపల అంతా నీలమే ఉన్నప్పుడు నీలం అంచు పిలిస్తే అందరూ ఒక్కసారి పలుకుతారు, ఎవరి గొంతూ వినపడదు. లోపల తక్కువగా ఉన్న రంగుని చుట్టూ పెడితే ఆ కొద్దిమందీ పలుకుతారు. అప్పటినుంచి నా పద్ధతి ఇదే. బొంతలో ఎక్కువున్న రంగుని వదిలెయ్యండి. ఎక్కడో మూలన, మీరే మర్చిపోయిన రంగు ఏదో వెతకండి. మొదట ప్రయత్నించాల్సింది దాన్ని.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదండోయ్. ప్యారిస్‌లో గోబెలాఁ అని గోడలకి వేలాడదీసే బొమ్మల తివాచీలు నేసే పెద్ద కార్ఖానా ఉంది. 1824లో అక్కడి అద్దకాల విభాగానికి షెవ్రూల్ అనే రసాయన శాస్త్రవేత్త అధికారిగా వచ్చాడు. నీలం, ఊదా రంగు బట్టల మడతల్లో నీడల కోసం వాడే నల్లదారం పేలవంగా ఉంటోందని ఆయనకి ఫిర్యాదులొచ్చాయి. ఆయన వేరేచోట అద్దిన నల్లదారాలు తెప్పించి పోల్చి చూశాడు. అద్దకంలో లోపమేమీ లేదు. నలుపు పక్కన నీలం, ఊదా ఉండటం వల్ల అలా కనిపిస్తోంది. తప్పు తొట్టిలో లేదు, ఇరుగుపొరుగులో ఉంది. దాని మీద ఏళ్ళ తరబడి పనిచేసి 1839లో లావుపాటి పుస్తకం వేశాడు. రెండు రంగులు పక్కపక్కన ఉంటే ఒకదాని మూలంగా ఇంకొకటి మారి కనిపిస్తుందన్నది దాని సారం.

ఇదిగో, ఈ రెండు చేతిరుమాళ్ళు చూడండి. ఒకటి మెరూన్, ఒకటి బూడిద రంగు. రెండిటి మధ్యలోనూ ఒకే తానులోంచి కత్తిరించిన గంధం రంగు చుక్క కుట్టాను. ఏది తెల్లగా ఉంది? మెరూన్ మీదది కదా. రెండూ ఒకటే. నమ్మకపోతే తర్వాత వచ్చి పక్కన పెట్టి చూసుకోండి. కాబట్టి షాపులో తాను చూసి రంగు తేల్చుకునే అలవాటు మానాలి. బొంతని మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళండి. షాపువాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి. తానుని గుమ్మం దాకా తెప్పించి పగటి వెలుతురులో బొంత మీద వేసి చూడండి. ట్యూబ్‌లైటు కింద ఒకేలా కనిపించిన రెండు మెరూన్లు ఎండలోకి రాగానే ఒకటి ఇటుక రంగుకీ ఇంకొకటి వంకాయ రంగుకీ పోతాయి. రవికె గుడ్డలు కొన్న ఆడవాళ్ళకి నేను చెప్పాల్సిన పనిలేదు.

రంగు కన్నా ముందు చూడాల్సింది ముదురా, లేతా అన్నది. దీనికి ఫోన్‌లో ఒక సుళువు ఉంది. అంచు గుడ్డ దోపి ఫోటో తీసి, దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. రంగులన్నీ పోయి ఎంత ముదురో అంత నలుపు మిగులుతుంది. అందులో అంచూ లోపలి పనీ ఒకే బూడిదలో కలిసిపోయాయంటే ఆ అంచు నిలబడదు, అది ఎంత ఖరీదైన గుడ్డయినా సరే. నా నీలం గుడ్డ ఈ పరీక్షలోనే పోయింది. దాంతో దిండు గలీబులు కుట్టేశాను. (నవ్వులు)

ఇక్కడ మన నేతగాళ్ళ సంగతి చెప్పకుండా ముందుకెళ్ళలేను. అంచు రంగుల మీద పుస్తకాలు కొనే బదులు మన చీరలు నాలుగు ముందేసుకుని కూర్చోండి. గద్వాల్ చీరకి ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండూ వేరు వేరు పోగులతో నేస్తూ, కలిసేచోట ఒకదాన్ని ఒకటి పట్టుకునేట్టు ముడేస్తారు, కుప్పడం అంటారు. అందుకే ఒంటికీ అంచుకీ సంబంధం లేని రంగులు ధైర్యంగా వెయ్యగలిగారు. కొన్నిటికి కలిసేచోట కోటకొమ్మలు వస్తాయి, గుడి గోపురాల్లా పళ్ళు పళ్ళుగా. అది అందానికి మాత్రమే అనుకున్నాను చాలా ఏళ్ళు. రెండు విరుద్ధమైన రంగులు గీత గీసినట్టు కలిస్తే కంటికి దెబ్బ తగులుతుంది, ఆ కొమ్మల దగ్గర ఒకదాంట్లోకి ఒకటి కొంచెం దూరి సర్దుకుంటాయి. బొంతలో మనం అదే పని అంగుళం వెడల్పున్న సన్నపట్టీతో చేసుకోవచ్చు. లోపలి పనికీ పెద్ద అంచుకీ మధ్య దాన్ని వేస్తాం. మా మనవరాలి బొంతలో ఇది చూడండి, ఉల్లిపొర రంగు గీత ఒకటి ఉంది. అది లేకపోతే వంగపండు రంగు లోపలి తెలుపుని మింగేసేది.

తేలియా రుమాలు ఇంకో పాఠం. అది చదరపు నేత గుడ్డ, చీరాలలో, పుట్టపాకలో నేశారు. ఎరుపు, నలుపు, తెలుపు, దాదాపు ఆ మూడే. మధ్యలో ఇకత్ పని, అంటే పోగులకి ముందే రంగులద్ది నేసిన డిజైను, కళ్ళు తిరిగేలా ఉంటుంది. చుట్టూ మాత్రం ఒకే రంగు వెడల్పాటి అంచు, దాని మీద ఏమీ ఉండదు. లోపల హడావుడి ఎక్కువుంటే చుట్టూ మౌనంగా ఉండాలి. పువ్వుల ముక్కలతో బొంత కుట్టి చుట్టూ మళ్ళీ కలంకారీ అచ్చుల గుడ్డ అంచు వేసేవాళ్ళని చూస్తే నాకు ఆ బొంత మీద జాలేస్తుంది. లోపలంతా సాదా అయితే అప్పుడు వెయ్యండి కలంకారీ, మహారాజులా ఉంటుంది.

ఒక జాగ్రత్త. గద్వాల్ అంచు బావుంది కదా అని పట్టు అంచు కత్తిరించి నూలు బొంతకి కుట్టకండి. ఉతికితే నూలు ఒకలా, పట్టు ఒకలా ముడుచుకుంటాయి. జరీ ఉంటే రాత్రి గడ్డానికి గీసుకుంటుంది. గోడకి తగిలించుకునే బొంతయితే మీ ఇష్టం.

అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళినప్పుడు పెన్సిల్వేనియాలో లాంకాస్టర్ వైపు తీసుకెళ్ళింది. అక్కడ ఆమిష్ వాళ్ళు ఉంటారు, కరెంటు లైన్లు పెట్టుకోరు, గుర్రబ్బండ్ల మీద తిరుగుతారు. వాళ్ళ పాత బొంతల్లో ఒక్క పువ్వుల గుడ్డ ఉండదు. అన్నీ సాదా గుడ్డలే. మధ్యలో ఒక పెద్ద వజ్రం ఆకారం, చుట్టూ జానెడు అంచు, దాని చివర గోటు. ఆ గోటు ఏకంగా అంగుళం వెడల్పు, అదీ అంచుకి పూర్తిగా వేరే రంగు. ఊదా అంచుకి ఆకుపచ్చ గోటు. దాపరికమే లేదు. నేను అప్పటిదాకా గోటుని దాచాల్సిన వస్తువు అనుకునేదాన్ని, అంచు రంగులోనే కలిపేసేదాన్ని. అక్కడ చూశాక ధైర్యమొచ్చింది.

అంచు వెడల్పు గురించి ఎక్కువ చెప్పను. లోపలి గడి ఆరంగుళాలుంటే అంచు ఆరు మించనివ్వకండి, నాలుగైనా చాలు. కొలత మాత్రం బొంత చివర తీసుకోవద్దు, మధ్యలో టేపు పెట్టి తీసుకోండి. పట్టుకుని పట్టుకుని చివర్లు సాగి ఉంటాయి. మధ్యలో ఎనభై రెండున్న బొంత చివర్న ఎనభై మూడున్నర చూపిస్తుంది. ఆ ఎనభై మూడున్నరే కత్తిరించి కుట్టారా, అంచు అప్పడంలా అలలు తేలుతుంది. ఎనభై రెండే కత్తిరించి, గుండుసూదులతో చివర్లూ మధ్యా ముందు పట్టించి, మిగతాది సర్దుకుంటూ కుట్టండి.

ఇక గోటు. దీని దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

బొంతని ఎక్కడ పట్టుకుంటాం? చివర పట్టుకుని మీదకి లాక్కుంటాం. పిల్లలైతే చివర నోట్లో పెట్టుకుంటారు. తలనూనె తగిలేది చివరే. దులిపేటప్పుడు, దండెం మీద వేసేటప్పుడు, మడిచేటప్పుడు అన్నీ చివరే. బొంతలో ముందు మాసేదీ ముందు చిరిగేదీ గోటు. అందుకే దాని రంగుని చేత్తో ఎంచుకోవాలన్నాను. రోజూ కప్పుకునే బొంతకి క్రీమ్ గోటు వేస్తే ఆర్నెల్లలో తలవైపు ఒక రంగు, కాళ్ళవైపు ఒక రంగు అవుతుంది. మా ఇంట్లో ముదురు రంగులే. నేరేడుపండు రంగు, కాఫీపొడి రంగు, ముదురు నీలం. అంచు కన్నా ఒక మెట్టు ముదురుగా ఉంటే బొంత చుట్టూ కాటుక దిద్దినట్టుంటుంది.

దెబ్బతిన్న కథ ఇది. మా అక్క మనవడికి చిన్న బొంత కుట్టాను. క్రీమ్ అంచు, ఎర్ర గోటు. కుంకుమ లాంటి ఎరుపు, చూస్తే చెయ్యి వెయ్యాలనిపించేది. షాపాయన గ్యారంటీ కలర్ అన్నాడు. నేను కూడా ఒక ముక్క తడిపి చూడాలి కదా, చూడలేదు. బారసాల రేపనగా సాయంత్రం సబ్బునీళ్ళలో నానబెట్టి, టీవీ చూస్తూ మర్చిపోయాను. తీసేసరికి నాలుగు వైపులా క్రీమ్ అంచు మీద రాణీ కలర్ మరకలు, అరచెయ్యంత అరచెయ్యంత. కంగారులో ఇంకో తప్పు చేశాను, ఫ్యాన్ కింద వేసి ఆరబెట్టాను. ఆరితే మరక కూర్చుంటుంది. ఆరనివ్వకుండా వెంటనే పెద్ద టబ్బు నిండా వేడినీళ్ళు, సబ్బుపొడి వేసి మళ్ళీ నానబెట్టి, నీళ్ళు తేటపడేదాకా మారుస్తూ ఉండాల్సింది. ఊడిన రంగు నీళ్ళలో తేలిపోవడానికి చోటుంటే గుడ్డకి పట్టదు. మర్నాడు బారసాలకి వెండి గిన్నె కొని తీసుకెళ్ళాను. ఆ బొంత మా కుక్క కప్పుకుంటోంది.

ఇప్పుడు ఏ గుడ్డ తెచ్చినా ఒక ముక్క గాజుగ్లాసులో వేడినీళ్ళూ కాస్త సబ్బూ వేసి అరగంట పెడతాను. నీళ్ళు తేటగా ఉంటే సగం పాసు. ఆ తడిముక్కని తెల్లగుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేస్తాను. తెలుపు తెలుపుగానే ఉంటే పూర్తిగా పాసు. ఎరుపు, ముదురు నీలం, నలుపు, ఈ మూడిటికీ తప్పనిసరి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగుతుందంటారు మనవైపు, మా అమ్మా అనేది. ఉప్పు అద్దకం తొట్టిలో ఉన్నప్పుడు రంగు గుడ్డకి పట్టడానికి సాయం చేస్తుంది. అద్దడం అయిపోయాక మన బకెట్లో వేసే గుప్పెడు ఉప్పు ఊడే రంగుని ఆపలేదు. అమ్మతో ఈ మాట చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇప్పుడు లెక్క. రాసుకుంటే రాసుకోండి. అరవై ఇంటూ తొంభై బొంత చుట్టుకొలత 300 అంగుళాలు. మూలలు తిప్పడానికీ చివరలు కలపడానికీ పన్నెండు కలిపితే 312. మనకి దొరికే కాటన్ తాను పన్నా 44 అంగుళాలు, అంచులు తీసేస్తే నలభై పని చేస్తుందనుకోండి. 312ని నలభైతో భాగిస్తే ఎనిమిది పట్టీలు చాలనిపిస్తుంది. చాలవు. పట్టీకి పట్టీ ఏటవాలుగా అతుకుతాం కదా, అతుకు లావుగా ఒకేచోట రాకుండా. ఆ ఒక్కో అతుకులో పట్టీ వెడల్పంత, అంటే రెండున్నర అంగుళాలు పోతుంది. ఏడు అతుకుల్లో పదిహేడున్నర. మొత్తం 329న్నర. తొమ్మిది పట్టీలు కావాలి. తొమ్మిది రెండున్నరలు ఇరవై రెండున్నర అంగుళాలు. అర మీటరు అంటే ఇరవై అంగుళాలు కూడా లేదు. ముప్పావు మీటరు అడగండి. అర మీటరు తెచ్చి, మళ్ళీ వెళ్ళేసరికి ఆ తాను అయిపోయిన బాధ ఇక్కడ ఎంతమందికి తెలుసు? చూశారా, సగం హాలు.

గుడ్డని నిలువుగా కత్తిరించాలా, ఏటవాలుగా క్రాస్‌గానా అంటే, నిలువు పట్టీ మడిచినప్పుడు ఆ మడత మీద ఒకటి రెండు పోగులే పొడుగునా పడతాయి. రాపిడంతా వాటికే. అవి తెగితే గోటు బారునా విచ్చుకుంటుంది. క్రాస్ పట్టీలో మడత మీదకి ఎన్నో పోగులు కొంచెం కొంచెం వస్తాయి, భారం పంచుకుంటాయి. గుడ్డ ఎక్కువ పడుతుంది, కుట్టేటప్పుడు సాగుతుంది, అయినా రోజువారీ బొంతకి నేను క్రాసే వేస్తాను. ఇంకో లాభం కూడా ఉంది. గళ్ళ లుంగీ గుడ్డ తీసుకుని క్రాస్ కత్తిరించండి. గళ్ళు కాస్తా వజ్రాలైపోతాయి. ఇదిగో ఈ రెండో బొంత గోటు అదే. మా ఆయన లుంగీ. సాదా అంచు చివర ఈ చిన్న చిన్న వజ్రాలు చూసి ఇది ఎక్కడ కొన్నారని అడగనివాళ్ళు లేరు. ఆయనొక్కడే అడగలేదు, లుంగీ ఎక్కడుందని అడిగాడు. (నవ్వులు)

గోటు పైకీ కనపడుతుంది, అడుక్కీ కనపడుతుంది. కొనేటప్పుడు అడుగు గుడ్డ మీద కూడా వేసి చూడండి. పైన బావుండి అడుగున కొట్టుకుంటే సగం రాత్రులు ఆ వైపే కప్పుకుంటారు. కుట్టే దారం గోటు రంగులో ఉండాలి, అడుగు గుడ్డ రంగులో కాదు.

ఇంక మీరు అడగండి.

(ప్రశ్న: పసిపిల్లల బొంతకి నల్ల గోటు వెయ్యొచ్చా? మా అత్తగారు ఒప్పుకోవట్లేదు.)

మాపు కనపడదని వెయ్యాలనుకున్నారా? నలుపు శుభానికి పనికిరాదని మనవైపు పట్టింపు ఉంది. మళ్ళీ అదే బిడ్డకి దిష్టి తగలకుండా బుగ్గన నల్లచుక్క పెడతాం, కాలికి నల్లతాడు కడతాం. అత్తగారితో వాదన పెట్టుకోకండి. ముదురు నేరేడుపండు రంగు వెయ్యండి, నలుపు చేసే పనంతా అది చేస్తుంది. ఇంకా కావాలంటే నలుపు ఒక మూలన చిన్నముక్క పెట్టి దిష్టిచుక్క అనండి, ఆవిడే మెచ్చుకుంటారు.

(ప్రశ్న: భార్యాభర్తలకి ఒకటే బొంత కుడితే ఎవరికి నచ్చిన రంగు అంచు వెయ్యాలి?)

గంతకు తగ్గ బొంత అని ఊరికే అన్నారా! (నవ్వులు) ఎవరు ఉతుకుతారో వాళ్ళకి నచ్చిన రంగు.

(ప్రశ్న: పాత బొంత గోటు చిరిగిపోయింది. లోపలంతా బానే ఉంది. అదే రంగు దొరకట్లేదు.)

దొరకదండీ, దొరికినా వెయ్యకండి. కొత్త గుడ్డ అదే రంగైనా, పక్కనున్నవన్నీ వెలిసిపోయి ఉంటాయి కాబట్టి అరువు తెచ్చుకున్నట్టు కనపడుతుంది. వేరే రంగే వెయ్యండి, మార్చామని తెలిసేలా. పాతది మొత్తం విప్పే పని కూడా లేదు. కుట్టు గట్టిగా ఉన్నచోట పాత గోటు మీదుగానే, దానికన్నా కొంచెం వెడల్పుగా కొత్తది మూసెయ్యొచ్చు. మా అమ్మ కుట్టిన బొంత ఒకటి తెచ్చాను చూడండి, ఈ మూల దగ్గర విప్పి చూపిస్తాను. పైన ఉన్నది నేను వేసిన కాఫీపొడి రంగు. దాని కింద ఆకుపచ్చ ఉంది, అది మా అక్క వేసింది. ఆకుపచ్చ కింద, ఇదిగో, ఈ పీలికలు, అమ్మ వేసిన ఎర్ర చీర అంచు. మూడు గోట్లు. లోపలి గుడ్డ ఇంకా ఒక్కచోట కూడా చిరగలేదు.

టైమైపోయిందంటున్నారు. బొంతలు ఈ బల్ల మీద ఉంచుతాను, వచ్చి పట్టుకుని చూడండి. టిఫిన్‌లో గారెలు తిన్నారు కదా అందరూ, చేతులు కడుక్కుని రండి. కుళాయి దగ్గర నీళ్ళు రావట్లేదని చెప్తున్నారా? అయితే సరే, గోటు దగ్గర పట్టుకోండి.